అణగారిన వర్గాల వారికి కౌన్సెలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కులం, తెగ, మతం, లింగం, వైకల్యం, పేదరికం. వీటిలో ఏదో ఒకదాని వల్ల చిన్నచూపు చూడబడ్డవారు కౌన్సెలింగ్‌కు వెళ్ళే ముందు అడిగే సందేహాలు ఏళ్ళు గడిచినా పెద్దగా మారడం లేదు. అందుకే వాటిని, అడిగినవారి మాటల్లోనే, ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఇప్పుడు మీకు ఉంటే మాత్రం చదవడం ఆపి 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

## వెళ్ళాలా, వద్దా?

అన్యాయం జరిగింది నాకు. కౌన్సెలింగ్‌కు వెళ్ళాల్సింది వాళ్ళు కదా, నేనెందుకు?

మీ కోపం సబబే. కౌన్సెలింగ్ న్యాయానికి బదులు కాదు, అలా చెప్పేవారిని నమ్మకండి. అయితే నిద్ర పట్టనిది మీకు, తిండి సహించనిది మీకు, క్లాసుకో పనికో వెళ్ళలేకపోతున్నది మీరు. రోడ్డు మీద గుంతలో పడి కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం, గుంత మీద ఫిర్యాదూ చేస్తాం. రెండింటిలో ఒకటే ఎంచుకోమని ఎవరూ అనరు. మనసు విషయంలో మాత్రం అంటారు.

ఈ రకం కౌన్సెలింగ్‌కూ మామూలు కౌన్సెలింగ్‌కూ తేడా ఏమిటి?

బాధ ఎక్కడి నుంచి వచ్చిందని అడగడంలో తేడా ఉంది.

ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి రోజు పక్క మంచం అమ్మాయి అడిగే ప్రశ్న, 'నీ ర్యాంకెంత?'. ఆ ప్రశ్న ర్యాంకు కోసం కాదని, కులం కోసమని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. తండా నుంచి వచ్చిన అమ్మాయి ఆ రోజు నుంచి గదిలో మాట తగ్గించింది. మెస్‌కు అందరూ తినేసి వచ్చాక వెళుతోంది. ఒక కౌన్సెలర్ 'ఆత్మవిశ్వాసం తక్కువ, నలుగురిలో కలవదు' అని రాసుకుంటారు. ఇంకొకరు 'ర్యాంకు చెప్పిన తర్వాత గదిలో ఏమి మారింది?' అని అడుగుతారు. మొదటివారు అమ్మాయిని మార్చడానికి పూనుకుంటారు. రెండోవారు ముందు ఆమె చెప్పింది నమ్ముతారు.

ఈ పద్ధతికి 'యాంటీ అప్రెసివ్ ప్రాక్టీస్', అంటే అణచివేతను ఎదిరించే పద్ధతి, అన్న పేరు బ్రిటన్ సోషల్ వర్క్ రంగంలో 1980లు, 90లలో స్థిరపడింది. దాని వెనక ఉన్న గొడవ అంతకంటే పాతది. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, యజమాని దగ్గర నుంచి పారిపోయే నల్లజాతి బానిసలకు 'డ్రాపెటోమేనియా' అనే జబ్బు ఉందని రాశాడు. పారిపోవాలనుకోవడమే రోగమట! చికిత్సలో కొరడా దెబ్బలు కూడా చెప్పాడు. ఆ తర్వాత వందేళ్ళకు ఫ్రాంట్జ్ ఫానన్ అల్జీరియాలోని బ్లిడా ఆస్పత్రిలో సైకియాట్రిస్టుగా పనిచేశారు. వలసపాలన నలిపేసిన మనుషులను మళ్ళీ ఆ పాలనకే సర్దుబాటు చేసే పని తనవల్ల కాదంటూ 1956లో రాజీనామా ఇచ్చారు. సర్దుకుపొమ్మని చెప్పడం వైద్యమేనా అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఈ రంగాన్ని వదలలేదు.

ఇదంతా రాజకీయం కాదా?

'పట్టించుకోకు, సర్దుకో' అనడం కూడా ఒక పక్షం తీసుకోవడమే. దాన్ని ఎవరూ రాజకీయమని పిలవరు, అంతే. కౌన్సెలర్ మీకు ఉపన్యాసం ఇస్తుంటే, ఏదో సంఘంలో చేరమంటుంటే అది వేరే సంగతి. ఆ గంట మీది. అందులో ఎక్కువ మాట్లాడాల్సింది మీరు.

నాది జబ్బా, సమాజం పెట్టిన బాధా? మందులు వాడాలా?

రెండూ ఒకేసారి ఉండవచ్చు. వివక్ష వల్ల మొదలైన కుంగుబాటు కూడా కుంగుబాటే, దానికి మందులు పనిచేస్తాయి. నిద్ర, ఆకలి వారాల తరబడి దెబ్బతింటే, ఎవరికీ వినపడని మాటలు వినపడుతుంటే సైకియాట్రిస్టును కలవడం వాయిదా వేయకండి. మందు వేసుకుంటే ఓడిపోయినట్టు కాదు, జరిగింది అబద్ధమని ఒప్పుకున్నట్టూ కాదు.

చట్టం రెండో వైపు కూడా చూసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఒకరి సామాజిక, ఆర్థిక స్థాయిని బట్టి గానీ, మత సమూహాన్ని బట్టి గానీ మానసిక రోగి అని తేల్చకూడదు. తన సముదాయం నమ్మే నీతికీ ఆచారానికీ ఒదగడం లేదన్న కారణంతోనూ తేల్చకూడదు. వేరే కులం అబ్బాయిని ప్రేమించిన కూతురిని 'మతి చెడింది' అంటూ ఆస్పత్రికి తీసుకువచ్చే తల్లిదండ్రులు ఈ రెండో మాట చదవాలి.

## కౌన్సెలర్‌ను వెతుక్కునేటప్పుడు

మన కులం వాళ్ళో, మన మతం వాళ్ళో అయితే మంచిదా?

చాలామందికి మంచిదే. కొన్ని సంగతులు మొదటి నుంచి వివరించే పని తప్పుతుంది. వేరే గ్లాసులో టీ పోయడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అయితే చిన్న ఊళ్ళలో, చిన్న సముదాయాల్లో చుట్టరికం తేలుతుంది, మాట బయటకు పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం తప్పు కాదు. పైగా ఒకే కులంలో కూడా ఆడ, మగ తేడా ఉంది, ఉద్యోగం ఉన్న ఇల్లు, కూలి చేసే ఇల్లు అనే తేడా ఉంది. దళిత మహిళ ఇంట్లో హింస గురించి చెబితే 'మనవాళ్ళ పరువు' అంటూ ఆపిన దళిత కౌన్సెలర్ కూడా ఉండవచ్చు. నా లెక్కలో పుట్టుక సగం సాయం చేస్తుంది, మిగతా సగం శిక్షణ చేయాలి.

దళిత బహుజనుల మానసిక ఆరోగ్యం కోసం ఆ వర్గాల వారే నడిపే 'ది బ్లూ డాన్' వంటి బృందాలు ఉన్నాయి. దగ్గర్లో ఎవరూ దొరకనప్పుడు అటువంటి చోట అడగడం మేలు.

ఫోనులోనే మనిషి తీరు తెలియాలంటే ఏమి అడగాలి?

అపాయింట్‌మెంటుకు ముందు ఐదు నిమిషాలు మాట్లాడతామని అడగండి. 'కులవివక్ష ఎదుర్కొన్నవారితో మీరు ఇదివరకు పనిచేశారా? వారితో ఎలా మొదలుపెడతారు?' అని సూటిగా అడగండి. ముస్లిములైతే, స్వలింగ సంపర్కులైతే, ట్రాన్స్ వ్యక్తులైతే మీ సంగతి పెట్టి ఇదే ప్రశ్న అడగవచ్చు.

జవాబులో ఉన్న మాటలకంటే దాని తీరు చూడండి. 'ఈ విషయంలో నాకు అనుభవం తక్కువ, చదువుతున్నాను, నా పైవారి సలహా తీసుకుంటాను' అన్నవారు 'నా దగ్గరకు అన్ని రకాలవాళ్ళూ వస్తారండీ' అని దాటవేసినవారికంటే నయం. 'ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ' అంటే అక్కడితో ఫోను పెట్టేయవచ్చు. మర్యాద తక్కువ అవుతుందని మొహమాటపడకండి. ఆ మొహమాటం వల్లే చాలామంది నచ్చని చోట నెలల తరబడి ఫీజు కడుతున్నారు.

అర్హత ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు, వైద్య మండలిలో నమోదై ఉంటారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి. నంబరు అడగవచ్చు, కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. 'కౌన్సెలర్' అన్న బోర్డు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని అడగండి. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకున్నవారిని వదిలేయండి.

డబ్బు లేదు. ఏమి చేయాలి?

నగరాల్లో ఒక్క సిట్టింగుకు వెయ్యి రూపాయలు దాటడం మామూలే. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవారు ఉన్నారు, కానీ అడిగితేనే చెబుతారు, కాబట్టి అడగండి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రుల్లో కూడా వైద్యం అందుతుంది. ఓపీలో రద్దీ వల్ల డాక్టరు మీతో గడిపే సమయం తక్కువ. ముఖ్యమైన సంగతులు నాలుగు వాక్యాల్లో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఎప్పటి నుంచి, ఏమి జరిగాక, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నారు. ఈ మూడూ ఉంటే చాలు.

మా గూడెంలో గోండీ మాట్లాడతాం. తెలుగులో నా బాధ చెప్పలేను.

దుబాసీ కావాలని అడిగే హక్కు మీకుంది, అది మొండితనం కాదు. అయితే ఊరి పెద్దనో, బంధువునో దుబాసీగా పెట్టుకోకండి. మీరు చెప్పింది వారికి నచ్చకపోతే మాట మారుతుంది. మీ భాష వచ్చిన నర్సు, ఆశా కార్యకర్త, టీచరు వంటి బయటివారైతే మెరుగు. మొదటి రోజే 'ఇక్కడ విన్నది బయట చెప్పను' అని వారితో కౌన్సెలర్ ముందు అనిపించండి.

## మొదటి సిట్టింగుల్లో

ఫారంలో కులం, మతం గడులు ఉన్నాయి. నింపాలా?

నింపనక్కరలేదు. ఖాళీగా వదిలి, 'ఇది ఎందుకు కావాలి?' అని అడగండి. మంచి కౌన్సెలర్ కాగితం మీద గడి పెట్టరు, సమయం వచ్చినప్పుడు మాట్లాడుకుంటారు. 'భర్త పేరు / తండ్రి పేరు', 'స్త్రీ / పురుషుడు' అన్న గడుల దగ్గర కూడా ఆగిపోయేవారు ఉన్నారు. ఒంటరి మహిళ, అనాథ, ట్రాన్స్ వ్యక్తి ఆ కాగితం పట్టుకుని వెయిటింగ్ గదిలో కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే సగం నమ్మకం పోతుంది. ఫారం తయారుచేసేవారు ఇది గమనించడం లేదు.

ఇంటిపేరు అడిగారు, ఊరు అడిగారు, 'ఊళ్ళో ఎక్కడ?' అని అడిగారు. ఆరా తీస్తున్నారా?

తీస్తున్నారు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇంటివారు వేసే ప్రశ్నలు ఇవే వరుసలో వస్తాయి, చివరికి 'నాన్ వెజ్ తింటారా?' దగ్గర తేలుతాయి. కులం తెలుసుకోవడం కౌన్సెలింగ్‌కు అవసరమైతే నేరుగా అడగాలి, ఎందుకో చెప్పాలి, చెప్పకపోయినా ఫరవాలేదనాలి. చుట్టూ తిప్పి అడగడం వచ్చినవారిని దొంగను చేసినట్టు ఉంటుంది. 'మీరు నా కులం తెలుసుకోవాలనుకుంటున్నారా?' అని మీరే అనేయండి. తర్వాత వచ్చే ముఖకవళిక చాలా చెబుతుంది.

నేను చెప్పింది మా ఇంట్లోనో, కాలేజీలోనో చెప్పేస్తారా?

మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. మినహాయింపులు కొన్నే. మీకో, ఇంకొకరికో ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇంకా అటువంటి ఒకటి రెండు సందర్భాల్లో. 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. మంచి కౌన్సెలర్ మీరు నోరు విప్పకముందే ఇదంతా చెబుతారు.

కాలేజీ కౌన్సెలర్ దగ్గర ఇంకో ప్రశ్న కూడా అడగాలి. వారికి జీతం ఇచ్చేది కాలేజీ. మీ ఫిర్యాదు అదే కాలేజీ ప్రొఫెసర్ మీద కావచ్చు. 'మీ రిజిస్టరు ఎవరు చూస్తారు? ప్రిన్సిపాల్ అడిగితే ఏమి చెబుతారు?' అని అడిగి, జవాబు తేలికపడేలా లేకపోతే ఆ విషయం బయటి కౌన్సెలర్‌తోనే మాట్లాడండి.

నాకు వినపడదు. అమ్మ పక్కన కూర్చుని సైగలతో చెబుతానంటోంది.

అమ్మ గురించే మాట్లాడాల్సి వస్తే? సంకేత భాష వచ్చిన దుబాసీని అడగండి. దొరకకపోతే కాగితం మీదో, ఫోనులో టైపు చేసో మాట్లాడుకోవచ్చు. కాస్త ఆలస్యమైనా ఆ గదిలో మీరే ఉంటారు.

## మధ్యలో తేడా అనిపిస్తే

మా కౌన్సెలర్ 'నేను కులం చూడను, అందరినీ మనుషులుగానే చూస్తాను' అన్నారు. మంచి మాటే కదా, నాకెందుకు బాధ కలిగింది?

చెప్పినవారి మనసులో మంచే ఉండవచ్చు. కానీ మీరు కులం వల్ల జరిగిన సంగతి చెబుతున్నప్పుడు ఆ మాట వస్తే, 'నువ్వు చెబుతున్నది నాకు కనపడదు' అని విన్నట్టే ఉంటుంది. ఇటువంటి మాటలు ఇంకొన్ని ఉన్నాయి. 'వాళ్ళు సరదాగా అని ఉంటారు.' 'అందరికీ కష్టాలు ఉంటాయి.' 'మిమ్మల్ని చూస్తే అలా అనిపించరు.' చివరిదాన్ని పొగడ్త అనుకునేవారు కూడా ఉన్నారు! బురఖా వేసుకుని వచ్చిన అమ్మాయి పరీక్షల భయం గురించి చెబుతుంటే 'ఇంట్లో బలవంతపెట్టారా?' అని అడగడం కూడా ఈ కోవలోదే.

ఒక్క మాటకే వదిలేయాలని నేను అనను. 'మీరు అలా అన్నప్పుడు నా మాట కొట్టేసినట్టు అనిపించింది' అని ఒకసారి చెప్పి చూడండి. 'నిజమే, నేను వినకుండా అన్నాను. ఆ రోజు ఏమి జరిగిందో మళ్ళీ చెబుతారా?' అంటే కొనసాగించండి. మీరు సున్నితంగా ఉన్నారనో, ప్రతిదాన్నీ కులంతో ముడిపెడుతున్నారనో అంటే వేరొకరిని చూసుకోండి. మానసిక ఆరోగ్య సేవలు కులం, మతం, లింగం, లైంగికత, వర్గం, వైకల్యం చూడకుండా అందాలని అదే 2017 చట్టం 18వ సెక్షన్ రాసింది. అంటే ఇక్కడ మీరు దయ అడగడం లేదు.

మా అబ్బాయి గే అంటున్నాడు. ఒక డాక్టరు మార్చేస్తానన్నారు. తీసుకువెళ్ళాలా?

తీసుకువెళ్ళకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇది మానసిక రుగ్మత కాదని భారతీయ సైకియాట్రీ సంఘం 2018లో ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దీన్ని నేరాల జాబితా నుంచి తొలగించింది. 'మార్చే చికిత్స' వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. షాకులతోనో, హార్మోన్లతోనో ఎవరూ మారలేదు, నలిగిపోయారు.

ఇక 'పెళ్ళి చేస్తే సర్దుకుంటాడు' అనే సలహా. దాని ధర ఇంకో ఇంటి ఆడపిల్ల కడుతుంది. అమ్మానాన్నలుగా మీకు భయం, దిగులు ఉంటాయి. బంధువులకు ఏమి చెప్పాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ దిగులు కోసం కౌన్సెలింగ్‌కు మీరు వెళ్ళండి.

నేను హిజ్రాని. ఆస్పత్రి అంటేనే భయం. అందరూ చూస్తారు.

ఆ భయానికి చరిత్ర ఉంది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించింది. ఆ రిజిస్టరులో ఉన్నవారు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో గానీ కొట్టేయలేదు. ఆఫీసు, ఫారం, పేరు రాసుకునే గుమాస్తా అంటే జంకు రావడంలో వింత లేదు.

మొదట ఫోనులోనో, వీడియోలోనో మాట్లాడండి. మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో ముందే చెప్పండి. మీ గురువునో, స్నేహితురాలినో వెంట తీసుకురావచ్చా అని అడగండి. కౌన్సెలర్ మీ శరీరం గురించి, ఆపరేషన్ గురించి కుతూహలంతో అడిగితే 'నేను వచ్చిన పనికి అది అవసరమా?' అని ఆపేయండి.

మా ఊరి పేరు చెబితేనే దొంగలు అనుకుంటారు. కౌన్సెలర్‌కు చెప్పాలా?

బాపట్ల జిల్లా స్టూవర్టుపురం వంటి ఊళ్ళవారు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ ఈ ఇబ్బంది పడతారు. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే మనుషులను నేరస్థులుగా రాసింది, 1952లో రద్దయింది, ముద్ర మాత్రం మిగిలింది. మీకు నమ్మకం కుదిరినప్పుడు చెప్పండి, తొందర లేదు. ఎప్పుడూ చెప్పకుండా దాచడం అలసటగా మారితే, ఆ అలసట గురించే మొదట మాట్లాడవచ్చు.

కౌన్సెలర్ అట్రాసిటీ కేసు పెట్టమంటున్నారు. ఇంకొకరు వద్దంటున్నారు.

ఇద్దరూ తమ పని దాటారు. నిర్ణయం మీది. కేసు పెడితే ఊళ్ళో ఎదురయ్యే బహిష్కారాన్నీ, పెట్టకపోతే లోపల మిగిలే బాధనూ మోసేది కూడా మీరే. కౌన్సెలర్ చేయాల్సింది రెండు దారుల్లో ఏముంటుందో మీతో కూర్చుని చూడటం.

నిర్ణయం తర్వాత తీసుకున్నా వివరాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. తేదీ, చోటు, అన్న మాటలు యథాతథంగా, అక్కడ ఉన్నవారి పేర్లు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అవమానించిన కేసుల్లో అది నలుగురికీ తెలిసేలా జరిగిందా అన్నది కీలకం. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవా సంస్థ ఉచిత లాయరును ఇస్తుంది. ఈ చట్టం కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14566.

కౌన్సెలరే అవమానించారు. ఎక్కడ చెప్పుకోవాలి?

డాక్టరైతే రాష్ట్ర వైద్య మండలి. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్. ఆస్పత్రిలో సేవల లోపమైతే ముందు అక్కడి బాధ్యుడైన వైద్యాధికారికి, తర్వాత మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

## కౌన్సెలర్లు అడిగేది, ఆపేసేవారు అడిగేది

నేను అగ్రకులం నుంచి వచ్చిన కౌన్సెలర్‌ని. ఈ పని నేను చేయవచ్చా?

చేయవచ్చు, చేయాలి కూడా. వచ్చినవారి మీదే పాఠం నేర్చుకోకండి. దళితుల ఊచకోతలు జరిగిన కారంచేడు, చుండూరు ఏమిటో వారి ఫీజు గంటలో అడగకుండా ముందే చదువుకుని రండి. వారి కథ విని మీరు కన్నీళ్ళు పెట్టుకుంటే వారు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. 'మా ఇంట్లో అటువంటివి లేవు' అన్న మాట ఎవరూ అడగలేదు. మీ వల్ల కానప్పుడు ఎవరి దగ్గరకు పంపాలో రెండు మూడు పేర్లు సిద్ధంగా ఉంచుకోండి. లైంగికత, లింగం విషయంలో శిక్షణ కావాలంటే ముంబైలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ కౌన్సెలర్లకు కోర్సు నడుపుతోంది.

మానేయాలనుకుంటున్నాను. చెప్పి మానాలా, వెళ్ళకుండా ఊరుకోవాలా?

అవమానం జరిగిన చోటైతే చెప్పే బాధ్యత మీకు లేదు. మిగతా చోట్ల చివరి సిట్టింగు ఒకటి అడగండి. ఇంతవరకు ఏమి మాట్లాడుకున్నారో, ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారో రాసి ఇమ్మనండి. మీ వైద్య రికార్డులు చూసే హక్కు అదే 2017 చట్టంలో 25వ సెక్షన్ ఇచ్చింది. మందులు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి. ఆ కాగితాలు దగ్గర ఉంటే కొత్తవారి దగ్గర కథ మొదటి నుంచి చెప్పాల్సిన పని కొంతైనా తప్పుతుంది.